పై జట్టు కోసం ఎదురుచూడొద్దు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల వారితో ఈ పూట ఫుట్‌బాల్ గురించి మాట్లాడబోతున్నాను. ఇది కబడ్డీ నేల. సాయంత్రమైతే వాలీబాల్ నెట్టు కట్టని ఊళ్లు తక్కువ. క్రికెట్ సంగతి సరేసరి. ఇలాంటి చోట ఫుట్‌బాల్ ఊసెత్తడమే సాహసం. అందులోనూ పేరున్న ఆటగాళ్లను వదిలేసి, క్లబ్బుల రిజర్వ్ జట్ల గురించీ, పిల్లల అకాడమీల గురించీ చెబుతానంటే మరీ విడ్డూరంగా తోచవచ్చు. కానీ 2019–2025 మధ్య తెలుగునాట ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టి, దేశంలోనే ఛాంపియన్ అయి, మూటాముల్లె సర్దుకుని వేరే ఊరికి వెళ్లిపోయింది. ఆ కథలో దిగువ కృష్ణా డెల్టాకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పెద్ద క్లబ్బు వస్తే అకాడమీ దాని వెనకే వస్తుందని చాలామంది నమ్మకం. నేను దీనికి తలకిందులుగా వాదిస్తాను. అకాడమీ, రిజర్వ్ జట్టు ముందు ఊరివిగా నిలబడాలి. పై జట్టు ఆ తరవాత వస్తే సంతోషం, రాకపోయినా పెద్ద నష్టం లేదు.

అసలు ఈ రెండూ ఏమిటో చూద్దాం. ప్రొఫెషనల్ క్లబ్బుల్లో పిల్లలు ఎనిమిది, తొమ్మిదేళ్లకే చేరతారు. పదమూడేళ్లలోపు, పదిహేనేళ్లలోపు, పద్దెనిమిదేళ్లలోపు అంటూ వయసులవారీగా జట్లుంటాయి. అది అకాడమీ. పద్దెనిమిది దాటాక అసలు చిక్కు మొదలవుతుంది. కుర్రాడు పిల్లల జట్టుకు పెద్దవాడైపోతాడు, పెద్దల జట్టుకు ఇంకా చిన్నవాడే. ఆ రెండు మూడేళ్లు బెంచీ మీద కూర్చోబెడితే నేర్చుకున్నదంతా తుప్పు పడుతుంది. అందుకోసం పెట్టిందే రిజర్వ్ జట్టు. దెబ్బ తగిలి కోలుకుంటున్న సీనియర్లూ, పైకి రావాలనుకునే కుర్రాళ్లూ అందులో కలిసి ఆడతారు. స్పెయిన్‌లో బార్సిలోనా రెండో జట్టు నేరుగా కింది డివిజన్ లీగుల్లో, ఆటే జీవనాధారమైన పెద్దవాళ్ల మీద ఆడుతుంది. ఎన్ని గెలిచినా మొదటి జట్టు ఉన్న డివిజన్‌లోకి మాత్రం దాన్ని రానివ్వరు. ఇంగ్లండులో అలా కాదు, అక్కడ రిజర్వ్ జట్లకు వేరే లీగ్ ఉంది, తమలో తాము ఆడుకుంటాయి. కుర్రాడు త్వరగా రాటుదేలేది స్పెయిన్ పద్ధతిలోనే అని నా అభిప్రాయం. 2012 నవంబరులో లెవాంతే మీద ఆడిన మ్యాచ్‌లో ఒక దశలో మైదానంలో ఉన్న బార్సిలోనా ఆటగాళ్లు పదకొండు మందీ సొంత అకాడమీ లా మాసియా నుంచి వచ్చినవాళ్లే.

ఈ పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. మొవ్వ మండలంలోని కూచిపూడిలో భాగవత మేళాలు తరతరాలుగా నడిచింది ఇలాగే. కుర్రాడు ముందు చిన్న వేషం కడతాడు. పెద్దల పక్కన నిలబడి తాళం, నడక, వాచికం పట్టుకుంటాడు. సత్యభామ వేషం దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆ ఊరి కళాకారులు హైదరాబాదు వెళ్లారు, అమెరికా వెళ్లారు. అయినా ఊళ్లో నేర్పే చోటు పోలేదు. ఆటకైనా ఇదే వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను. ఆటగాడు వెళ్లిపోతాడు, పోనివ్వాలి కూడా. నేర్పే చోటు పోకూడదు.

హైదరాబాదు ఫుట్‌బాల్ వెలిగిన రోజుల్లో అలాంటి చోటు ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా వల్ల ఈ తరానికి కొంత తెలిసింది. ఆయన బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విజయాల కన్నా నాకు ముఖ్యంగా కనిపించేది ఆయన కుర్రాళ్ల కోసం నడిపిన చిత్రమైన పోటీలు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని తిప్పడానికి లేదు, అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకో పోటీలో కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితోనే తన్నాలి. మరో పోటీలో ఎత్తుకు పరిమితి, పొడుగు కుర్రాళ్లకు ప్రవేశం లేదు. పొట్టివాళ్లను తోసేసి గెలిచే అలవాటు అక్కడ చెల్లదు. వీటికి కావలసిందల్లా ఒక బంతి, ఒక ఈల, ఆలోచన ఉన్న ఒక మాస్టారు. నేటి ఖరీదైన అకాడమీలు చిన్న మైదానాల్లో, రెండే తాకిళ్ల నియమాలతో చేయిస్తున్న సాధన సారాంశం కూడా దాదాపు ఇదే.

ఆ వెలుగు ఎందుకు తగ్గింది? రహీం 1963లో కన్నుమూశారు. కారణం అదొక్కటే అయితే మరో కోచ్ పూడ్చేవాడు. అప్పటి ఆటగాడికి బతుకుతెరువు పోలీసు శాఖ, రైల్వే, బ్యాంకుల ఉద్యోగం. ఆ జట్లలోకి నియామకాలు తగ్గేకొద్దీ బస్తీ కుర్రాడికి పైమెట్టు కనిపించకుండా పోయింది. మేటివాళ్లు కలకత్తా దారి పట్టారు. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకున్నాడు. తరవాతి తరాల్లో నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వెలిగింది కూడా అక్కడి క్లబ్బుల్లోనే. వాళ్లు వెళ్లడంలో తప్పు లేదు. వాళ్ల స్థానంలోకి తరవాతివాణ్ని తెచ్చే ఏర్పాటు ఇక్కడ మిగల్లేదు, దెబ్బ అక్కడ తగిలింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లో రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరవాత మళ్లీ గెలవలేదు.

ఇక ఈనాటి కథకు వద్దాం. 2019లో పుణె క్లబ్బు మూతపడి, ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని స్థానంలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే, 2022 మార్చి 20న, గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఛాంపియన్ అయింది. ఆ రాత్రి చివరి నిమిషాల్లో స్కోరు సమం చేసిన సాహిల్ తవోరాదీ, షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిదీ గోవాయే. ఆట ఎవరిదైనా ఆటే, అందులో ఎంచడానికేమీ లేదు. అదే కాలంలో క్లబ్బు రిజర్వ్ జట్టును కూడా శ్రద్ధగా పెంచింది. 2021 డ్యురాండ్ కప్పుకు సీనియర్లను కాదని రిజర్వ్ కుర్రాళ్లనే పంపింది. కేరళలోని మలప్పురం నుంచి వచ్చిన అబ్దుల్ రబీ లాంటివాళ్లు ఆ దారిలోనే మొదటి జట్టుకు చేరారు. 2022లో దేశంలో మొదటిసారి రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ అని రిజర్వ్, యువ జట్లకు ప్రత్యేక పోటీ పెడితే అందులోనూ హైదరాబాద్ ఆడింది. ఆ ఏడాది ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు ఏడు మ్యాచ్‌లు. పద్దెనిమిదేళ్లవాడికి ఏడాదికి ఏడు మ్యాచ్‌లు ఏ మూలకని అడగవచ్చు. అంతకుముందు అవీ లేవన్నది గుర్తుంచుకోవాలి.

తరవాత డబ్బు కష్టాలు వచ్చాయి. 2023–24లో జీతాల బకాయిల గొడవలు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం, విదేశీయులు దాదాపు అందరూ వెళ్లిపోవడం, పేరున్న మన ఆటగాళ్లూ వేరే క్లబ్బులకు తరలిపోవడం, అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో ఎక్కువగా కుర్రాళ్లతోనే లీగ్ పూర్తి చేయాల్సి వచ్చింది. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, పట్టికలో చివరి స్థానం. ఇది చూసి ‘రిజర్వ్ జట్టు ఎందుకూ కొరగాదని తేలిపోయిందిగా’ అనేవాళ్లున్నారు. నాకు ఇది వేరేలా కనిపిస్తుంది. కుర్రాణ్ని ఒకరూ ఇద్దరూ చొప్పున, పక్కన అనుభవజ్ఞులు ఉండగా దించడానికి పెట్టిన జట్టు అది. పెద్దవాళ్లందరినీ ఒక్కసారి తీసేసి పిల్లల్ని పోటీలో వదిలితే ఏ దేశపు అకాడమీ అయినా ఓడిపోతుంది. అసలు ఆ కుర్రాళ్లే లేకపోతే ఆ క్లబ్బు ఆ ఏడాది మైదానంలోకి పదకొండు మందిని దించగలిగేదా అన్నది సందేహమే. పైన అంతా కూలినప్పుడు కింద మిగిలింది వాళ్లే.

2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి ఢిల్లీ. ఆ ఢిల్లీలో అంతకుముందున్న క్లబ్బు 2019లోనే భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. మన రాష్ట్రానికీ ఒక అనుభవం ఉంది. 2020లో మరో జాతీయ పోటీ అయిన ఐ-లీగ్‌లోకి విశాఖపట్నం క్లబ్బుగా ప్రవేశం పొందిన శ్రీనిధి, ఆడే సమయానికి హైదరాబాదును సొంత ఊరు చేసుకుంది. ఆ క్లబ్బు బాగా ఆడింది, 2022–23లోనూ 2023–24లోనూ రెండో స్థానంలో నిలిచింది. విశాఖకు మాత్రం ఏమీ దక్కలేదు. పెద్ద సంస్థ ఎప్పుడైనా ఊరు విడిచి పోవచ్చని బందరు వాళ్లకు వేరే చెప్పాలా? పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు ముఖ్య కార్యాలయం ముందు హైదరాబాద్ చేరింది, 2020లో బ్యాంకే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ మాట అటుంచితే, 2025లో సూపర్ లీగే ఒప్పందాల చిక్కుల్లో పడి సమయానికి మొదలుకాలేదు. దేశంలోని పై మెట్టే అలా ఊగినప్పుడు, అక్కడి నుంచి ఎవరో వచ్చి గుడివాడలో అకాడమీ పెడతారని కూర్చోవడం అమాయకత్వం.

కింది నుంచి కట్టినవాళ్లు ఏం సాధించారో మిజోరాంను చూస్తే తెలుస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఆ రాష్ట్ర జనాభా దాదాపు 11 లక్షలు. 2022లో జిల్లాల విభజనలో కత్తిరించాక మిగిలిన మన కృష్ణా జిల్లా జనాభాయే అవే లెక్కల్లో 17 లక్షల పైచిలుకు. మిజోరాంలో పెద్ద పరిశ్రమలు లేవు, చదునైన నేల కూడా అరుదు. వాళ్లు 2012లో సొంత రాష్ట్ర లీగ్ మొదలుపెట్టారు, చంపాయ్ లాంటి సరిహద్దు జిల్లాలో చిన్నపిల్లల లీగ్ నడిపారు. 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచారు. 2016లో ఐ-లీగ్ నుంచి కిందికి పడిపోయిన ఐజ్వాల్ క్లబ్బు, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో తిరిగి చోటు దొరికి, 2017లో ఛాంపియన్ అయింది. అంతకన్నా దగ్గరి ఉదాహరణ మణిపూర్‌ది. ఇంఫాల్‌లోని క్లాసిక్ ఫుట్‌బాల్ అకాడమీకి సూపర్ లీగ్ జట్టు లేదు. అయినా 2025లో పెద్ద క్లబ్బుల రిజర్వ్ జట్లను దాటుకుని డెవలప్‌మెంట్ లీగ్ టైటిల్ ఎత్తుకెళ్లింది. పై జట్టు లేకుండా అకాడమీ నిలవదన్న వాదనకు ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

‘వాళ్లది వేరు, మన డెల్టాలో ఆడే చోటెక్కడ?’ అన్నది న్యాయమైన ప్రశ్న. మలప్పురంలో వరి కోతలయ్యాక పొలాల్లోనే ఏడుగురేసి ఆడే సెవెన్స్ పోటీలు పుట్టాయి, వాటికి వేలకొద్దీ జనం వస్తారు. మనం దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. ఇక్కడ వరి కోయకముందే చేలో మినుములు చల్లేస్తారు. చేను ఖాళీ అయ్యేసరికి ఎండాకాలం, నల్లమట్టి నెర్రెలు విచ్చి ఉంటుంది. అందులో పరుగెత్తిస్తే పిల్లల చీలమండలు మిగలవు. ఇక ఇటు కృత్తివెన్ను, అటు ముదినేపల్లి వైపు పొలాలే చెరువులైపోయాయి. కనుక స్థిరమైన చోటు కావాలి. పెద్దవాళ్ల పూర్తి మైదానానికి ఎకరం ముప్పాతిక పడుతుంది. పన్నెండేళ్లలోపు పిల్లలు ఏడుగురేసి ఆడే మైదానానికి అరవై సెంట్లు చాలు. ఉన్నత పాఠశాలల ఆటస్థలాలు, బందరులో హిందూ కళాశాల మైదానం, గుడివాడలో ఎన్టీఆర్ స్టేడియం ఉన్నాయి. బందరు పిల్లలకైతే మంగినపూడి తీరం కూడా ఉంది, ఒట్టికాళ్లతో అక్కడ ఆడితే కాళ్లకు వచ్చే బలం వేరు. తుపాన్ల తాకిడి తగ్గాక, డిసెంబరు నుంచి మార్చి దాకా, ఆదివారం ఆదివారం మ్యాచ్‌లు పెట్టుకోవచ్చు. బందరు నుంచి గుడివాడకైనా అవనిగడ్డకైనా గంటా గంటన్నర బస్సు ప్రయాణమే. హాస్టలు భవనం, పచ్చిక తివాచీ, గేటు మీద బోర్డు కన్నా ముందు కావలసింది ఈ మ్యాచ్‌ల వరస. పదమూడేళ్లలోపు జట్లు, పదహారేళ్లలోపు జట్లు, ఆపైన ఇరవై ఒకటిలోపు వాళ్లు ఊరి పెద్దలతో కలిసి ఆడే ఒక జట్టు. ఈ మూడోదే మన రిజర్వ్ జట్టు. ఇది లేకపోతే పదో తరగతితో అందరూ ఆట మానేస్తారు. మామూలుగా మనకు తెగేది అక్కడే.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం తల్లిదండ్రులది. చదువు చట్టుబండలవుతుందన్న భయం. దీన్ని కొట్టిపారేయడం తప్పు. అకాడమీల చరిత్రలో అసలు మరక ఇదే. ఇంగ్లండులో అంత డబ్బున్న క్లబ్బులు కూడా చిన్నప్పుడు చేర్చుకున్న పిల్లల్లో అత్యధికుల్ని మధ్యలోనే వదిలేస్తాయి. ఆటే లోకంగా పెరిగిన పిల్లాడికి పదహారేళ్లకు ‘నువ్వు పనికిరావు’ అంటే తట్టుకోవడం తేలిక కాదు. అందుకే పిల్లల్ని బడి మాన్పించి దూరపు హాస్టలులో పెట్టే పద్ధతి మనకు వద్దంటాను. ఇంటి భోజనం, ఊరి బడి, వారానికి మూడు సాయంత్రాలు, ఒక ఆదివారం. ఆటలో నిలబడనివాడు చదువులో వెనకబడకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. కార్పొరేట్ కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే చదువుకు ఈ మూడు సాయంత్రాలు అడ్డమని ఎవరైనా అంటే, అప్పుడు లోపం ఆటలో ఉందా ఆ చదువులో ఉందా అని అడగాల్సి ఉంటుంది. ఆ చర్చ వేరే ప్రసంగానికి వదిలేద్దాం.

కబడ్డీ దెబ్బతింటుందన్న భయం నాకు లేదు. కాళ్లు చురుకైన పిల్లవాడు రెండూ ఆడతాడు. డబ్బు మాటేమిటి? మొదట్లో పెద్దగా అక్కర్లేదు. బంతులు, గోలు స్తంభాలు, బస్సు చార్జీలు, వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ కోర్సు ఖర్చు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మొదటి మెట్టు కోచింగ్ కోర్సులు నడుపుతోంది. 2018లో చిన్నపిల్లల కోసం బేబీ లీగుల పథకం కూడా తెచ్చింది, ఊరి సంఘమైనా బడి అయినా అలాంటి లీగ్ నడపవచ్చు. తెలిసినవాళ్లు తక్కువైన సంగతి ఇంకొకటుంది. ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ని ఒక దేశపు క్లబ్బు నుంచి మరో దేశపు క్లబ్బు కొనుక్కుంటే, ఆ సొమ్ములో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తయారుచేసిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. పన్నెండు నుంచి పదిహేను దాకా ఏడాదికి 0.25 శాతం, ఆపైన ఏడాదికి 0.5 శాతం. కోటి రూపాయల బదిలీలో, ఆ నాలుగేళ్లు ఆడించిన గుడివాడ క్లబ్బుకు లక్ష రూపాయలు రావాలన్నమాట. ఇది అరుదుగా తగిలే అదృష్టం, దీని మీద బడ్జెట్ వేసుకోలేం. కానీ ఆ లక్ష రావాలన్నా క్లబ్బు ఫుట్‌బాల్ సంఘంలో నమోదై ఉండాలి, పిల్లవాడి పేరు ఏటేటా రాసి ఉండాలి. మన ఊళ్లలో సంక్రాంతి పోటీల జట్లు పండగతో పుట్టి పండగతో పోతాయి. వాటి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

ఆడపిల్లల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వాదన సగమే అవుతుంది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. మగవాళ్ల పెద్ద క్లబ్బు హైదరాబాదులో వెలుగుతున్న ఆ ఏడాదే ఆ అమ్మాయి యూరప్ మైదానం దాకా వెళ్లింది. చిన్నప్పుడే ఆట పట్టుకుని నేర్పే కోచ్ జిల్లాలో దొరికితే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పదమూడేళ్లలోపు జట్లలో ఆడపిల్లలకూ మొదటి రోజు నుంచే చోటుండాలి, తరవాత చేరుద్దాంలే అంటే ఆ తరవాత ఎప్పటికీ రాదు.

కనుక బడి ప్రధానోపాధ్యాయులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, అమెరికా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ సొంత ఊరి గుడికీ గోపురానికీ చందాలు పంపే దివిసీమ, గుడివాడ వారికి ఒక విన్నపం. ఈ డిసెంబరులో బందరులో రెండు, గుడివాడలో రెండు, అవనిగడ్డలో ఒకటి, నాగాయలంకలో ఒకటి, ఆరంటే ఆరు పిల్లల జట్లు కట్టండి. ఒక్కో జట్టుకు కనీసం పది మ్యాచ్‌లు పెట్టండి, దేశంలోని పెద్ద రిజర్వ్ జట్లకు 2022లో దక్కినవాటికన్నా అవి మూడు ఎక్కువే. ప్రతి పిల్లవాడి పేరు, ప్రతి పిల్ల పేరు, పుట్టిన తేదీతో సహా జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో నమోదు చేయించి రసీదు తీసుకోండి.